విడుదలకు ముందు కెర్నెల్ తేల్చుకోవడం: పాత మెషీన్లు చెడకుండా కొత్త ల్యాప్‌టాప్‌లు నడిపించడం ఎలా

డెబియన్ మీద సొంత డిస్ట్రో (లినక్స్‌తో కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్) కట్టే చిన్న టీములు ప్రతి విడుదలకూ ఒకేచోట ఇరుక్కుంటాయి. కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ గుండెకాయ) పాతది ఉంచితే నిన్న కొన్న ల్యాప్‌టాప్‌లో వైఫై రాదు. కొత్తది పెడితే ఆరేళ్లుగా చక్కగా నడుస్తున్న ల్యాబ్ మెషీన్ స్లీప్ నుంచి లేవదు. చివరి వారంలో వాదించుకుని తేల్చే విషయం కాదిది. 16 వారాల ముందు మొదలుపెట్టాలి.

ఇక్కడి ఉదాహరణలన్నీ డెబియన్ 13 ఆధారంగా ఉన్నాయి. 2025 ఆగస్టు 9న విడుదలైంది, కెర్నెల్ 6.12. ఉబుంటు ఆధారంగా చేసేవాళ్లకు ప్యాకేజీ పేర్లు మారతాయి గానీ పని వరస ఇదే.

1. ఏది కదలొచ్చో, ఏది కదలకూడదో ముందే గీత గీయండి

"కొత్త హార్డ్‌వేర్ సపోర్ట్ కావాలి" అనగానే చాలామంది మొత్తం డిస్ట్రోనే కొత్తది చేయబోతారు. అంత అక్కర్లేదు. హార్డ్‌వేర్‌ను నేరుగా తాకేవి కొన్నే:

- కెర్నెల్
- ఫర్మ్‌వేర్ ఫైళ్లు (వైఫై లాంటి చిప్‌ల లోపల నడిచే కోడ్)
- ఇంటెల్, ఏఎండీ మైక్రోకోడ్ (ప్రాసెసర్‌కు దిద్దుబాట్లు)
- గ్రాఫిక్స్ కోసం మెసా
- ల్యాప్‌టాప్ సౌండ్ కోసం సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, ఆల్సా యూసీఎం సెట్టింగుల ప్యాకేజీ

కదిలే వరస ఈ ఐదింటిదే. జీలిబ్‌సీ, సిస్టమ్‌డీ, జీసీసీ, డెస్క్‌టాప్, పైథాన్ బేస్‌లో (మీరు ఆధారం చేసుకున్న డెబియన్‌లో) ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. వీటిని ముట్టుకుంటే ఒక వైఫై కార్డు కోసం రెండువేల ప్యాకేజీలు మళ్లీ టెస్ట్ చేయాల్సి వస్తుంది.

గీత ఎప్పుడు గీయాలో డెబియన్ ఫ్రీజ్ (మార్పులు ఆపేసే గడువు) తేదీలు చూస్తే తెలుస్తుంది. డెబియన్ 13కు టూల్‌చెయిన్ ఫ్రీజ్ 2025 మార్చి 15న, సాఫ్ట్ ఫ్రీజ్ ఏప్రిల్ 15న, హార్డ్ ఫ్రీజ్ మే 15న, పూర్తి ఫ్రీజ్ జులై 27న మొదలయ్యాయి. తలుపు ఒక్కసారిగా కాక మెట్టుమెట్టుగా మూసుకుంది. మీరూ అలాగే మూసుకురండి:

- 16 వారాల ముందు: మెషీన్ల జాబితా, కెర్నెల్ ఎంపిక
- 10 వారాల ముందు: బేస్ ఫ్రీజ్. పై ఐదూ తప్ప ఏదీ మారదు
- 5 వారాల ముందు: హార్డ్‌వేర్ ఫ్రీజ్. సెక్షన్ 6లోని మినహాయింపులు మాత్రమే
- 10 రోజుల ముందు: డేటా పోగొట్టే బగ్, బూట్ కాని బగ్, సెక్యూరిటీ రంధ్రం తప్ప ఇంకేదీ ముట్టుకోరు

2. మెషీన్ల జాబితా రాయండి, ఐడీలతో సహా

మోడల్ పేరు రాసుకుంటే సరిపోదు. ఒకే మోడల్ పేరుతో, ఒకే షాపులో, నెల తేడాతో వేరే వైఫై చిప్ ఉన్న ల్యాప్‌టాప్ వస్తుంది. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కు ఎన్‌ఎన్‌కే ఆప్షన్ ఇస్తే ప్రతి పరికరం పక్కన రెండు నంబర్ల జంట, దాన్ని పట్టుకున్న డ్రైవర్ పేరు కనిపిస్తాయి. జంటలో మొదటిది తయారీదారు (ఇంటెల్‌కు 8086, ఏఎండీ గ్రాఫిక్స్‌కు 1002), రెండోది పరికరం. డ్రైవర్ పేరు లైనే లేకపోతే ఆ పరికరాన్ని ఎవరూ పట్టుకోలేదన్నమాట. యూఎస్‌బీ పరికరాలకు ఎల్‌ఎస్‌యూఎస్‌బీ.

టెస్ట్‌కు 8 నుంచి 10 మెషీన్లు చాలు. కాకపోతే అన్నీ కొత్తవే పోగేయొద్దు:

- ☐ 8 ఏళ్లు దాటిన ఇంటెల్ డెస్క్‌టాప్ ఒకటి, మామూలు హార్డ్ డిస్క్‌తో
- ☐ పాత బయోస్ పద్ధతిలోనే బూట్ అయ్యేది ఒకటి
- ☐ 3 నుంచి 6 ఏళ్ల ల్యాప్‌టాప్‌లు మూడు: ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా కార్డు ఉన్నది
- ☐ ఏడాదిలోపు వచ్చిన ల్యాప్‌టాప్‌లు రెండు
- ☐ రియల్‌టెక్ వైఫై ఉన్నది ఒకటైనా
- ☐ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నది ఒకటి, అది ఎప్పటికీ ఆన్‌లోనే ఉండాలి
- ☐ వర్చువల్ మెషీన్ ఒకటి

రిగ్రెషన్లు (నడుస్తున్నది కొత్త మార్పుతో చెడడం) ఎక్కువగా బయటపడేది పాత మెషీన్లలోనే. కొత్త మెషీన్ పనిచేయకపోతే వాడేవాళ్లు సర్దుకుంటారు. నిన్నటిదాకా నడిచింది ఆగిపోతే ఊరుకోరు.

3. కెర్నెల్ ఎంచుకోవడం: తేదీల లెక్క

లినక్స్ కెర్నెల్ కొత్త వెర్షన్ 9 నుంచి 10 వారాలకు ఒకటి వస్తుంది. రెండు వారాల మెర్జ్ విండో (కొత్త కోడ్ తీసుకునే సమయం), ఆ తర్వాత వారానికో ఆర్‌సీ (విడుదలకు ముందు పరీక్షా వెర్షన్) చొప్పున ఏడో ఎనిమిదో. సాధారణంగా ఏడాది చివర వచ్చే వెర్షన్‌ను దీర్ఘకాల సపోర్ట్‌కు ఎంచుకుంటారు: 6.1 (2022 డిసెంబరు), 6.6 (2023 అక్టోబరు), 6.12 (2024 నవంబరు).

బేస్ కెర్నెల్‌కు నియమం ఒకటే. అది దీర్ఘకాల సపోర్ట్ ఉన్నదై ఉండాలి, మీ విడుదల నాటికి బయటికొచ్చి కనీసం 4 నెలలు కావాలి. డెబియన్ 13 వచ్చేసరికి 6.12కు దాదాపు తొమ్మిది నెలలు నిండాయి. కొత్త డ్రైవర్లలోని మొరటు తప్పులు మొదటి పది, పదిహేను పాయింట్ అప్‌డేట్లలో (6.12.1, 6.12.2 లాంటివి) కడిగేసుకుపోతాయి.

ఉబుంటు 2024 ఆగస్టులో ఇంకో దారి పట్టింది. విడుదల నాటికి ఆర్‌సీ దశలోనే ఉన్నా సరే, అందుబాటులో ఉన్న సరికొత్త కెర్నెల్‌నే పెడతామని ప్రకటించింది. పూర్తికాల కెర్నెల్ టీము ఉన్నవాళ్లకు అది కుదురుతుంది. నలుగురున్న టీము అదే పని చేస్తే కొరివితో తల గోక్కున్నట్టే. దానికి బదులు వాళ్ల లాంగ్‌టర్మ్ విడుదలల పద్ధతి చూడండి: 24.04 మొదట 6.8తో వచ్చింది, 24.04.3 ఐఎస్‌ఓలో (ఇన్‌స్టాల్ ఇమేజ్‌లో) అదే బేస్ మీద 6.14 కెర్నెల్ ఉంది. బేస్ కదల్లేదు, కెర్నెల్ ఒక్కటే కదిలింది. మనకు కావాల్సిందీ ఇదే.

4. బేస్ ఒకటి, కెర్నెళ్లు రెండు

ఒకే డిస్ట్రోలో 6.12 స్థిర కెర్నెల్‌గా ఉంటుంది, బ్యాక్‌పోర్ట్స్‌లోంచి (స్టేబుల్ విడుదల కోసం కొత్త వెర్షన్లు ఉంచే డెబియన్ రిపోజిటరీ) తెచ్చింది కొత్త కెర్నెల్‌గా ఉంటుంది. స్థిరమైనది అన్ని మెషీన్లకూ వెళ్తుంది. కొత్తది అవసరమైనవాటికే. వినడానికి తేలికే గానీ డెబియన్‌లో ఇందులో ఒక గోతి ఉంది.

కెర్నెల్‌ను లాక్కొచ్చే మెటాప్యాకేజీ పేరు స్టేబుల్‌లోనూ బ్యాక్‌పోర్ట్స్‌లోనూ ఒకటే. బ్యాక్‌పోర్ట్స్ నుంచి దాన్ని పెట్టగానే స్టేబుల్ మెటాప్యాకేజీ స్థానంలోకి అది వచ్చి కూర్చుంటుంది. దాంతో 6.12కు అప్‌డేట్లు ఆగిపోతాయి. కొన్నాళ్లకు ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే కమాండ్) దాన్ని తీసేస్తుంది కూడా. వెనక్కి వెళ్దామనుకున్న రోజున వెనక ఏమీ ఉండదు.

సరిచేసే వరస:

1. మీ సొంత మెటాప్యాకేజీలు రెండు చేయండి. ఒకటి 6.12 వరసలోని తాజా కెర్నెల్‌పై, రెండోది బ్యాక్‌పోర్ట్స్ కెర్నెల్‌పై ఆధారపడాలి. ఆధారం వెర్షన్ నంబరున్న అసలు కెర్నెల్ ప్యాకేజీపైనే పెట్టండి.
2. కెర్నెల్ ఏబీఐ నంబరు (ఏ మాడ్యూళ్లు ఏ కెర్నెల్‌కు సరిపోతాయో చెప్పేది) మారినప్పుడల్లా ప్యాకేజీ పేరు మారుతుంది కాబట్టి మెటాప్యాకేజీని కూడా మార్చాలి. ఈ పని ఒక మనిషికి అప్పజెప్పండి, లేదా రోజూ నడిచే స్క్రిప్టుకు. అందరి పని అనుకుంటే ఎవరూ చేయరు.
3. స్థిర మెటాప్యాకేజీ ఐఎస్‌ఓలో అందరికీ ఇన్‌స్టాల్ కావాలి. కొత్తది దానికి తోడుగా రావాలి, దాని స్థానంలోకి కాదు.
4. గ్రబ్‌లో (బూట్ మెనూలో) డిఫాల్ట్‌ను "సేవ్డ్" అని పెట్టి, గ్రబ్-సెట్-డిఫాల్ట్ కమాండ్‌తో స్థిర కెర్నెల్‌ను ఎంచండి. కొత్త కెర్నెల్‌ను గ్రబ్-రీబూట్ కమాండ్‌తో ఒక్కసారికే బూట్ చేసి చూడొచ్చు. వేలాడిపోతే పవర్ బటన్ నొక్కి ఆపి, మళ్లీ ఆన్ చేయండి, పాతదానిలోకి దానంతట అదే వస్తుంది.

ఆప్ట్ పిన్నింగ్ (ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి రావాలో ప్రాధాన్యం ఇవ్వడం) విషయంలో ఒక మాట. బ్యాక్‌పోర్ట్స్‌కు సహజంగా ఉండే ప్రాధాన్యం 100. అడగకుండా ఏదీ రాదు, ఒకసారి తెచ్చుకున్నది మాత్రం అక్కడి నుంచే అప్‌డేట్ అవుతూ ఉంటుంది. ఇది తెలియక మొత్తం బ్యాక్‌పోర్ట్స్‌కు 990 ఇచ్చేస్తారు. మర్నాటి అప్‌గ్రేడ్‌లో ఆఫీస్ సూట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ల దాకా దొరికినవన్నీ మారిపోతాయి. పిన్ పెట్టేటప్పుడు ప్యాకేజీ పేర్లు ఒక్కొక్కటీ రాయండి.

బ్యాక్‌పోర్ట్స్ డెబియన్ సెక్యూరిటీ టీము పరిధిలో లేవు. అందుకే బ్యాంకు కౌంటర్, సర్వర్, పరీక్షా కేంద్రం లాంటి చోట్ల స్థిర కెర్నెల్ ఒక్కటే పెట్టండి.

5. ఫర్మ్‌వేర్: సగం ఫిర్యాదులు ఇక్కడే తీరతాయి

వైఫై రాలేదనగానే కెర్నెల్ మార్చకండి. ముందు డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) "ఫర్మ్‌వేర్" అని వెతకండి. ఫలానా ఫైల్ లోడ్ కాలేదు, ఎర్రర్ -2 అని ఉంటే ఆ ఫైలు డిస్క్‌లో లేదని అర్థం. డ్రైవర్ ఉంది, దానికి తిండి లేదు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఒక్కటి కొత్తది పెడితే సరిపోతుంది.

అయితే -2 కనిపించిన ప్రతిసారీ కంగారు పడాల్సిన పనీ లేదు. ఇంటెల్ వైఫై డ్రైవర్ తనకు తెలిసిన అతి కొత్త ఫర్మ్‌వేర్ నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ అడుగుతుంది. నాలుగు -2 లైన్ల తర్వాత ఐదో లైన్‌లో "లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్" అని వస్తే అంతా బాగున్నట్టే. ఏ మెట్టులోనూ దొరక్కపోతేనే సమస్య.

కొత్త ఫర్మ్‌వేర్ ప్యాకేజీ తెచ్చేటప్పుడు పాత, కొత్త ప్యాకేజీల ఫైల్ జాబితాలు పక్కపక్కన పెట్టి మూడు కుప్పలు చేయండి. కొత్తగా చేరిన ఫైళ్లను నిశ్చింతగా తీసుకోవచ్చు, ఇప్పటిదాకా వాటిని ఎవరూ వాడలేదు. అదే పేరుతో ఉండి లోపలి సరుకు మారిన ఫైళ్లు ఇప్పటికే నడుస్తున్న మెషీన్లను తాకుతాయి, ఆ చిప్ ఉన్న మెషీన్‌పై టెస్ట్ చేయకుండా తీసుకోవద్దు. తీసేసిన ఫైళ్లను 6.12 ఇంకా అడుగుతోందేమో మాడ్‌ఇన్ఫో కమాండ్‌తో చూడండి. రెండు కెర్నెళ్లు ఉన్నాయి కాబట్టి ఫర్మ్‌వేర్ రెండింటికీ సరిపోవాలి.

గ్రాఫిక్స్‌లో మూడూ కలిసి రావాలి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070కి తగిన కెర్నెల్, కొత్త ఫర్మ్‌వేర్, మెసా 25.0 కావాలి. మెసా ఒక్కటి పాతదైతే డెస్క్‌టాప్ వస్తుంది, మౌస్ కదులుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, ఫ్యాన్ మాత్రం హోరెత్తిపోతుంది. జీఎల్‌ఎక్స్‌ఇన్ఫోలో రెండరర్ పేరు చూడండి. "ఎల్‌ఎల్‌వీఎంపైప్" అని ఉంటే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది.

కొన్నిటికి వద్దని చెప్పడమే మర్యాద. డెబియన్ 13 రిపోజిటరీలోని ఎన్విడియా డ్రైవర్ 550 వరస. ఆర్‌టీఎక్స్ 50 కార్డులకు కనీసం 570 వరస కావాలి. నూవో డ్రైవర్‌లో ఆ కార్డులకు సపోర్ట్ మొదలైంది 6.16లో. ఇలాంటివి విడుదల నోట్స్‌లో "ఇప్పటికి పనిచేయవు" అని ఒక్క లైన్‌లో రాసేయండి.

6. ఫ్రీజ్ తర్వాత ఏం ఒప్పుకోవాలి

ఫ్రీజ్ మొదలయ్యాక ప్రతి ప్యాచ్ "చిన్నదే" అంటూ వస్తుంది. పొడుగు చూసి తూచకండి, ఎన్ని మెషీన్లను తాకుతుందో చూడండి.

- ఒప్పుకోవచ్చు: ఉన్న డ్రైవర్‌లో కొత్త పరికరం ఐడీ చేర్చే లైను. ఒక్క మోడల్‌కే వర్తించేలా డీఎంఐ పేరుతో (బయోస్ చెప్పే మోడల్ పేరు) కట్టేసిన క్విర్క్ (ప్రత్యేక సర్దుబాటు).
- చూసి ఒప్పుకోవచ్చు: మాడ్యూల్‌గా వచ్చే పూర్తిగా కొత్త డ్రైవర్. పాత డ్రైవర్ ఇప్పటికే చూసుకుంటున్న ఐడీలను ఇది లాక్కోకూడదు. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో దీన్ని చూడొచ్చు: 6.12లో లూనార్ లేక్, బ్యాటిల్‌మేజ్ చిప్‌లకు ఎక్స్ఈ డ్రైవర్ దానంతటదే వస్తుంది, పాతవి ఐ915తోనే నడుస్తాయి. అన్నిటినీ ఎక్స్ఈ మీదకు బలవంతంగా నెట్టే బూట్ ఆప్షన్ ఐఎస్‌ఓలో పెట్టొద్దు.
- ఒప్పుకోవద్దు: షెడ్యూలర్, మెమరీ, ఏసీపీఐ, పీసీఐ, ఫైల్‌సిస్టమ్ కోడ్‌ను తాకే ఏ మార్పైనా, అది ఒకే ఒక్క ల్యాప్‌టాప్ కోసమని చెప్పినా సరే.

పై వెర్షన్ నుంచి ప్యాచ్ వెనక్కి తెస్తున్నప్పుడు దానికి ముందు రావాల్సిన ప్యాచ్ ఏదో వెతకండి. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 రావాల్సిన రోజున, 6.1.64 కెర్నెల్‌లో ఈఎక్స్‌టీ4 డేటా పాడుచేసే బగ్ బయటపడింది. జంటగా రావాల్సిన రెండు మార్పుల్లో ఒకటే 6.1 వరసలోకి వచ్చింది, రెండోది రాలేదు. 12.3ను పక్కన పెట్టి, 6.1.66 కెర్నెల్‌తో 12.4ను డిసెంబరు 10న విడుదల చేశారు. దీర్ఘకాల వరసే కదా అని పాయింట్ అప్‌డేట్‌ను కళ్లు మూసుకుని తీసుకోకూడదు. చివరి నెలలో కొత్త పాయింట్ కెర్నెల్ ఏదైనా మీ టెస్ట్ మెషీన్లపై 72 గంటలు నడిచాకే ఐఎస్‌ఓలోకి వెళ్లాలి. సెక్యూరిటీ తొందర ఉంటే అది వేరు.

7. కెర్నెల్ సొంతంగా బిల్డ్ చేస్తుంటే

చేయకుండా ఉండగలిగితే అదే మేలు. తప్పదంటే, కొత్త వెర్షన్‌లో వచ్చే ప్రతి ఆప్షన్‌కూ "మాడ్యూల్" అని కొట్టుకుంటూ పోకండి. 2017లో ఉబుంటు 17.10 కెర్నెల్‌లో ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్‌ను ఆన్ చేశారు. అది మదర్‌బోర్డుపై బయోస్ ఉండే ఫ్లాష్ చిప్‌ను ముట్టుకునే డ్రైవర్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి, కొన్ని యూఎస్‌బీ నుంచి బూట్ కావడం మానేశాయి. డిసెంబరులో ఐఎస్‌ఓనే వెనక్కి తీసుకుని, ఆ డ్రైవర్ తీసేసి, జనవరిలో 17.10.1 ఇచ్చారు.

డిస్క్ పాడైతే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం. బోర్డు మీది చిప్ పాడైతే డిస్ట్రో మార్చినా బాగుపడదు. ఫ్లాష్, ఈప్రామ్, ఫ్యూజ్‌లకు రాయగల డ్రైవర్లను ఆఫ్‌లోనే ఉంచండి.

8. ఐఎస్‌ఓ: ఇన్‌స్టాలర్‌లోకే రాకపోతే మిగతాదంతా వృథా

ఇన్‌స్టాల్ అయ్యాక కొత్త కెర్నెల్ ఇస్తామంటే కుదరదు. ఐఎస్‌ఓలోని కెర్నెల్ డిస్క్‌నే చూడలేకపోతే ఇన్‌స్టాల్ అయ్యేదెలా?

- డెబియన్ ఇన్‌స్టాలర్ వాడితే దాని మాడ్యూల్ ప్యాకేజీల వెర్షన్ ఐఎస్‌ఓ కెర్నెల్‌తో అచ్చుగుద్దినట్టు సరిపోవాలి. ఏబీఐ నంబరు ఒక్కటి తేడా వచ్చినా "కెర్నెల్ మాడ్యూళ్లు దొరకలేదు" అని ఆగిపోతుంది. రెండు కెర్నెళ్లతో ఈ గొడవ పడేకన్నా లైవ్ ఐఎస్‌ఓ, కలమారిస్ ఇన్‌స్టాలర్ సుఖం.
- బూట్ మెనూలో మూడు లైన్లు ఉండాలి: మామూలు, కొత్త హార్డ్‌వేర్, సేఫ్ గ్రాఫిక్స్ (నోమోడ్‌సెట్‌తో).
- ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లో (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) మాడ్యూల్స్ సెట్టింగ్ "మోస్ట్" అని ఉండాలి. "డెప్" అంటే ఐఎస్‌ఓ కట్టిన మెషీన్‌కు కావాల్సిన డ్రైవర్లే చేరతాయి.
- ఎన్‌వీఎంఈ డిస్క్ కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ ఉన్న మెషీన్‌లో ఆ సెట్టింగ్ ఊరికే మారిస్తే విండోస్ బూట్ కాదు, ఈ హెచ్చరిక గైడ్‌లో రాయండి.
- బూట్ పార్టిషన్ కనీసం 768 ఎంబీ, అందులో 300 ఎంబీ ఖాళీ ఉండాలని డెబియన్ 13 విడుదల నోట్స్ చెబుతున్నాయి. మనం ఎప్పుడూ రెండు కెర్నెళ్లు ఉంచుతాం, అప్‌డేట్ మధ్యలో మూడోది చేరుతుంది. 1 జీబీ ఇవ్వండి.

తెలుగు ఐఎస్‌ఓ చేసేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు గ్రాఫికల్ మోడ్‌లోనే దొరుకుతుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు వల్ల టెక్స్ట్ మోడ్‌లోకి వెళ్తే భాషల జాబితాలో తెలుగు ఉండదు. "తెలుగు తీసేశారా" అనే ఫిర్యాదు వస్తే ఫాంట్లు వెతుకుతూ కూర్చోకండి, కార్డు ఏదో అడగండి.

9. టెస్ట్ వరస

ప్రతి మెషీన్‌పై రెండు కెర్నెళ్లతోనూ ఇదే వరసలో:

- ☐ పవర్ తీసి పెట్టి 20 సార్లు బూట్. 19 సార్లు వస్తే ఫెయిల్
- ☐ ఆర్‌టీసీవేక్‌తో 30 సెకన్ల స్లీప్, 50 సార్లు. ప్రతిసారీ వైఫై, టచ్‌ప్యాడ్ తిరిగొచ్చాయా?
- ☐ రాత్రి 8 గంటలు మూత మూసి ఉంచితే బ్యాటరీ 10 శాతానికి మించి దిగకూడదు
- ☐ హెడ్‌ఫోన్ పెట్టి తీయడం, మైక్, బ్లూటూత్, కెమెరా
- ☐ ప్రొజెక్టర్ తగిలించడం, తీయడం, తగిలించి ఉంచి స్లీప్‌లోకి పంపడం
- ☐ 24 గంటల ఫైల్ కాపీ, తర్వాత చెక్‌సమ్, ఎఫ్ఎస్‌సీకే
- ☐ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా డీకేఎంఎస్ మాడ్యూళ్లు (ప్రతి కెర్నెల్‌కూ మళ్లీ బిల్డ్ అయ్యే బయటి మాడ్యూళ్లు) లోడ్ అవుతున్నాయా? కీని తిరస్కరించినట్టు ఎర్రర్ వస్తే ఎంఓకే కీ (మాడ్యూళ్లపై సంతకం చేసే మీ సొంత కీ) నమోదు కాలేదని అర్థం
- ☐ డీమెసేజ్‌లో ఎర్రర్ స్థాయి లైన్లు మాత్రమే తీసి, పాత కెర్నెల్ లైన్లతో పోల్చడం. కొత్తగా చేరిన ప్రతి లైనుకూ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి

వర్చువల్‌బాక్స్, జెడ్‌ఎఫ్ఎస్, ఎన్విడియా లాంటి బయటి మాడ్యూళ్లు కొత్త కెర్నెల్ రాగానే ముందు విరిగేవి. డీకేఎంఎస్ బిల్డ్ ఫెయిలైతే కెర్నెల్ ఇన్‌స్టాలేషనే సగంలో ఆగి, ఆప్ట్ మొత్తం చిక్కుపడుతుంది. కొత్త కెర్నెల్ ప్యాకేజీని రిపోజిటరీలో పెట్టే ముందు ఈ మాడ్యూళ్లన్నీ బిల్డ్ అవుతున్నాయో లేదో వర్చువల్ మెషీన్‌లో చూడండి. ఒక్కటి కాకపోయినా ఆపండి.

10. చివరి వారంలో రిగ్రెషన్ దొరికితే

1. అది స్థిర కెర్నెల్‌లోనా, కొత్తదానిలోనా? కొత్తదానిలో మాత్రమే అయితే విడుదల ఆగదు. ఆ మెషీన్ మోడల్‌ను నోట్స్‌లో చేర్చి, స్థిర కెర్నెల్ వాడమనండి.
2. స్థిర కెర్నెల్‌లో అయితే పాత పాయింట్ వెర్షన్లను డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్ నుంచి తెచ్చి, మధ్యదానితో మొదలుపెట్టి సగం సగం చేసుకుంటూ పోండి. కంపైల్ అక్కర్లేదు, గంటలో ఏ రెండు వెర్షన్ల మధ్య విరిగిందో తేలుతుంది.
3. అప్పటికీ కావాలంటే గిట్ బైసెక్ట్ (మార్పుల జాబితాను సగం సగం చేస్తూ తప్పును పట్టే కమాండ్). 14 వేల మార్పులున్నా 14 బూట్లకు తేలిపోతుంది. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బగ్ అయితే ప్రతి మెట్టులో 20 బూట్లు చేశాకే "బాగుంది" అనండి. ఒక్క తప్పు జవాబు మిగతా వెతుకులాటనంతా పక్కదారి పట్టిస్తుంది.
4. దొరికిన మార్పును తీసేయడం ముందు, దిద్దడం తర్వాత. విడుదలకు నాలుగు రోజుల ముందు కొత్త కోడ్ రాయకండి.
5. తీసేస్తే ఇంకేదైనా విరుగుతోందా? అయితే తేదీ జరపండి. వారం ఆలస్యాన్ని జనం మర్చిపోతారు, పోయిన ఫైళ్లను మర్చిపోరు.

11. ఐఎస్‌ఓ బయటికి వెళ్లే ముందు

- ☐ ఫైనల్ ఐఎస్‌ఓనే యూఎస్‌బీకి రాసి టెస్ట్ చేశారా? నిన్నటి బిల్డ్‌తో చేసినది లెక్కలోకి రాదు
- ☐ కొత్త హార్డ్‌వేర్ లైనుతో ఇన్‌స్టాల్ అయిన మెషీన్‌లో రెండు మెటాప్యాకేజీలూ ఉన్నాయా? ఆటోరిమూవ్ నడిపాక కూడా 6.12 మిగిలిందా?
- ☐ నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేస్తే వైఫై ఫర్మ్‌వేర్ ఐఎస్‌ఓ నుంచే వచ్చిందా?
- ☐ గత విడుదల నుంచి అప్‌గ్రేడ్ చేసిన మెషీన్‌లో బూట్ పార్టిషన్ నిండిపోలేదు కదా?
- ☐ పనిచేయని హార్డ్‌వేర్ జాబితా, ఏ మెషీన్‌కు ఏ మెనూ లైను ఎంచుకోవాలో డౌన్‌లోడ్ లింకు పైనే రాశారా? కింద పెడితే ఎవరూ చదవరు
- ☐ మొదటి రెండు వారాలు మెటాప్యాకేజీలను ఎవరు చూసుకుంటారో పేరు రాసుకున్నారా?